ఐదో పోగు

భూత్పూరు రోడ్డు మీది అద్దాల హోటల్ల
నా పేరు అట్ట మీద రాసి, టేబుల్ మీద నిలబెట్టిన్రు.
"మొగులమ్మ" అనట.
వెంటొచ్చిన ఆశమ్మ మనుమరాలు సదివి చెప్పింది.
నేనైతే అదేదో రేటనుకున్న.

ఆర్నెల్ల సంది ఈ హోటల్ ఎనక తలుపుకు బోటి వేస్తున్న.
ముందు తలుపు ఎట్ల తెరుస్తరో ఇయ్యాల్నే తెల్సింది:
తెరిచేదానికే ఒక మనిషి ఉన్నడు.

"నీళ్ళు బుడగలయా, మామూలువా?" అన్నడు నల్లంగి పిలగాడు.
నీళ్ళకు సుత రెండు గిలాసలా బిడ్డా, అన్న.
వానికి సమజ్ గాలే.
ఆశమ్మకు అయ్యింది.
ఇద్దరం నవ్వలే.

మొదాలు సన్నటి సేమ్యా వచ్చింది, పేంటి చుట్ట లెక్క.
మీద గొర్రెపాల గడ్డ తురుము, దంచిన మిరియాలు,
గంతే. తాలింపు లేదు, ఉల్లిగడ్డ లేదు.
పిల్ల తాగినంక గొర్రె కాడ పాలేం మిగులుతయి?
ఆ దేశంల గొర్రెలకు పిల్లలు తక్వనా?
అడుగుదామంటె నోట్ల మిరియం మండుతున్నది.
బాగుంది.
అబద్ధమెందుకు, బాగుంది.

అటెన్క వచ్చింది
బతుకమ్మ తాంబాళమంత పళ్ళెంల
దోసెడు గూడ లేని ఎర్రటి కూర.
మీద నాలుగు పుదీన ఆకులు, ఎవలో లెక్కవెట్టి ఏసినట్టు.
ఒక ముక్క లేపి దీపం కింద పట్టిన,
తెల్లగ, పల్చగ, ఉతికిన గుడ్డ లెక్క.
అంచుల నా కత్తి గీకిన గీత.
నాదే.

పొద్దుగాల మూడు గొట్టంగ లేసి
సున్నపు నీళ్ళల్ల ముంచి, గీకి, తిరగేసి, మళ్ల గీకి.
గొర్రె కడుపుల ఒక సంచి ఉంటది, మడతలు మడతలు, పుస్తకం లెక్క.
సదువు రాని నేను దినాం ఇరవై పుస్తకాలు కడుగుత.
పేజి పేజి తిప్పుత.
ఏ పేజిల గడ్డి దాసుకున్నదో నా ఏలికి ఎరుక.

వండినాయన లోపల్నుంచి వచ్చిండు,
అచ్చంపేట శ్రీశైలం,
రోమ్‌ల తొమ్మిదేండ్లు కత్తి పట్టొచ్చినోడు.
కుర్చీ గుంజుకోని కూసున్నడు, మోకాళ్ళ మీద చేతులేసి.
"ఆడ సుత గిదే కథ అవ్వా.
కోసినంక నాలుగు పోగులు.
దొరలకోటి, సాములకోటి, షావుకార్లకోటి, సిపాయిలకోటి.
తోక, నాలిక, పేగు, బోటి,
గది ఐదో పోగు. కోసినోనికి, కూలి కింద."

నేనేం మాట్లాడలే.
మా నాయన తెచ్చే మోదుగాకు పొట్లం కండ్ల ముందటికొచ్చింది,
తొవ్వ పొడుగునా కారుకుంట వచ్చేది.
మా అమ్మ దాన్ని పోగనలే ఎన్నడు.
"మిగిలింది" అనేది.
ఆడనన్న దానికొక నంబరున్నది.

"ఎట్లుందవ్వా?"
వాసన మొత్తం తీసిపారేసినవ్ కొడుకా.
జర ఉంచాల్సింది,
ఎవలదో తెలిసేటంత.
ఇంగోటి, ఈ ముక్కల ఇసుక పలుకొకటి తగిలింది.
ఒక పేజి సరిగ తిప్పలే.
గది నా తప్పు, నీది గాదు.

"రొట్టెతోని పళ్ళెం తుడ్వొచ్చవ్వా, ఆడ గట్లనే తుడుస్తరు."
అప్పటికే ఏలితోని తుడిచిన.

బిల్లు తేలే. తీసుకోనన్నడు.
కని అట్ట మీది రేటు పిల్ల నా చెవుల సదివింది:
పదకొండు వందల యాభై.
నేను కిలకు నూట అరవై తీసుకుంట.
కోపం రాలే.
లెక్కొచ్చింది.

తెల్లారి ఎనక తలుపు కాడ తట్ట దించి చెప్పిన:
ఇయ్యాల్టి సంది కిల రెండు వందల నలభై.
శ్రీశైలం నెత్తి గీక్కున్నడు.
పోగుల లెక్క చెప్పింది నువ్వే గదా, అన్న.

తట్ట తూకం మీద పెట్టిండు.
ముల్లు ఆగేదాక ఇద్దరం దాని దిక్కే సూసినం.